మోకాలు కోవిల్‌పట్టి వెళ్ళిన రోజు

మనిషి బతుకంతా ఒకచోట పోగేయడం, ఇంకోచోటికి మోయడం. ఈ రెంటికీ నడుమ అడ్డంగా నిలబడేదాన్ని పరిపాలన అంటారు.

నేను విరుదునగర్‌లో మిరపకాయల మండీ నడిపేవాణ్ణి. ఊరికి పాత పేరు తీసి ‘నగర్’ తగిలించి పదేళ్ళు దాటింది. (ఊరు అదే, పలక మీద రంగు కొత్తది.) పేర్లు మార్చడం మరిగిన చేయి ఊరకుండదు. ఈసారి అది కుప్పల మీద పడింది.

అంతవరకు మాకు కుప్పకొక మాట ఉండేది. కళ్ళంలో గింజలైతే రాశి. చెప్పులు విడిచి దగ్గరికి వెళ్ళాలి. గడ్డి అయితే వామి. రాళ్ళయితే గుట్ట. సంతలో నేల మీద వంకాయలు పోగు. గిడ్డంగిలో పత్తి అంబారం. మండీలో మిరపకాయలు కుప్ప. ఏది ఏదో పసిపిల్లకు కూడా తెలుసు. అందరికీ తెలిసిన విషయం ఆఫీసుకు పనికిరాదు కనుక, మార్కెట్ కమిటీ వారు రాజగోపాలన్ గారిని కుప్పల సూపరింటెండెంటుగా వేశారు. ఆయన వచ్చిన వారంలోనే ఉత్తర్వు వచ్చింది: ఇకమీదట ఈ మాటలన్నీ రద్దు. అన్నిటికీ ఇంగ్లీషులో ‘పైల్’ అనే ఒకే పేరు. మోకాటి ఎత్తు దాటినది పెద్ద పైల్. మోకాటికి, చీలమండకు మధ్య ఉన్నది చిన్న పైల్. చీలమండకు కింద ఉన్నది పైల్ కాదు, నేల. పైల్ ఏదైనా సరే, కొలత కాకుండా కదిలిస్తే సరుకు జప్తు.

ఎవరి మోకాలు అని ఎవరో అడిగారు. సూపరింటెండెంటు గారి మోకాలే అధికార మోకాలని అనుబంధ ఉత్తర్వు వెలువడింది. చీలమండ కొలతకు మాత్రం ఒక పుల్ల కోసి జవాను అయ్యాసామి చేతికిచ్చారు. (చీలమండను నమ్మి ఒకరికి అప్పగించవచ్చు, మోకాలు అలా కాదు.)

ఎండలు మొదలయ్యే పంగుని నెలలో ఒక పొద్దున, ఎట్టయాపురం పక్క పల్లె నుంచి వీరమ్మాళ్ బండి కట్టుకొని వచ్చింది. మొగుడు లేని మనిషి. కరిసల్ అనే నల్లరేగడి నేలలో ఒంటరిగా పండించిన కాయలు. ఏడాది తిండి అదే. నా మండీ ముంగిట కుప్ప పోసి తలెత్తి చూసింది.

“మొదలాళీ, మబ్బు చూడండి. నల్లంగా దిగతా ఉండాది. తూకం ఏసి లోనికి ఎత్తుకోండయ్యా.”

“కొలత కావాలమ్మా. సూపరింటెండెంటు దొర కోవిల్‌పట్టిలో పత్తి కొలవడానికి పోయినాడు. సాయంత్రం రైలుకు వస్తాడు.”

ఆమె అయ్యాసామి వైపు తిరిగింది. “నీకు మోకాలు లేదా, తమ్ముడూ?”

“ఉండాది అక్కా. దానికి ఉత్తర్వు లేదు.”

“దొర మోకాలు కోయిలుపట్టిలో ఉంటే, మీ తలకాయలు ఏ ఊర్లో ఉండాయి?”

అయ్యాసామి ఆ ప్రశ్న తన పరిధిలోది కాదన్నట్టు పుల్ల తుడుచుకున్నాడు.

వ్యాపారికి సందు కనిపించకపోతే అతను వ్యాపారి కాడు. ఉత్తర్వులోని ఏడో నిబంధన ప్రకారం ఆరబెట్టడానికి కాయలు పరచవచ్చు. చీలమండకు కిందికి పరిస్తే అది నేల. నేలను గంపలకెత్తి లోపలికి తీసుకుపోతే ఎవరూ ఆపలేరు. చెప్పాను. వీరమ్మాళ్ కొంగు బిగించింది. ముంగిలంతా ఎర్రగా పరుచుకుంది.

అయ్యాసామి పుల్లతో మూలమూలా గుచ్చి చూశాడు. “ఈడ చీలమండ దాటింది అక్కా. ఇంకొంచెం నెరపు.” నెరిపింది. “ఈడ కూడా.” అక్కడా నెరిపింది. నిజాయితీ గల జవాను; ఒక్క మూల కూడా విడవలేదు. చివరి మూల దగ్గర వంగి, “ఇది అంతా నేలే” అని చెప్పిన క్షణాన వాన కొట్టింది.

కాయలు ఆరబోసి ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కుప్ప తల తడుపుకొని కడుపు కాచుకుంటుంది. నేలకు కడుపు లేదు. గంపలు అందుకునేలోపల ఒక్క కాయ మిగలకుండా తడిసింది.

సాయంత్రం రైలు సరైన వేళకే వచ్చింది. మోకాలు దిగింది. అప్పటికి వీరమ్మాళ్ తడిసిన కాయలన్నీ చేతులతో లాగి మళ్ళీ ఒకచోట పోసింది. రాజగోపాలన్ గారు పంచె కొంచెం ఎత్తి పక్కన నిలబడ్డారు. ఒక కాయ నలిపి వాసన చూశారు. తరువాత తమిళంలో మెల్లగా, దయగానే చెప్పారు: “ఇది పైల్ కాదమ్మా. పైల్ అంటే సరుకు ఉండాలి. ఇది చెత్త. చెత్తకు కొలత అక్కర్లేదు. ఇప్పుడే తీసుకుపోవచ్చు, ఎవరూ అడ్డం రారు.”

“పొద్దున వచ్చినప్పుడే ఇది చెత్త అని చెప్పుంటే, దొరా?”

ఆయన ఆలోచించారు. “అప్పుడే తీసుకుపోయి ఉండవచ్చు.”

“చెత్త కాదు, మంచి కాయలని చెప్పింది నా తప్పే, దొరా.” ఆమె ఎద్దులను బండికి కట్టడానికి వెళ్ళింది.

ఆయన మంచివారు, ప్రజల మాట వినేవారు. మర్నాడే కొత్త ఉత్తర్వు వచ్చింది: తెచ్చినది చెత్త అని యజమాని ముందుగా ప్రకటిస్తే కొలత లేదు, ఆటంకం లేదు. ఆనాటి నుంచి విరుదునగర్ మార్కెట్‌కు సరుకు రావడం మానేసింది. మిరప చెత్త, పత్తి చెత్త, జొన్న చెత్త బళ్ళ మీద బళ్ళు వచ్చేవి. మండీ నా చేతిలో అంత బాగా నడిచిన ఏడాది ఇంకొకటి లేదు. ఏడాది చివరి నివేదికలో రాజగోపాలన్ గారు మార్కెట్‌లో ఒక్క పైల్ కూడా మిగల్లేదని రాసి, పై ఉద్యోగానికి వెళ్ళారు.

వీరమ్మాళ్ మళ్ళీ రాలేదు. చెత్త తేవడానికి కూడా ముందు విత్తనం కావాలి.