నూట పదమూడో విజన్ బోర్డు

పౌర సౌకర్యాల శాఖలో ఇకమీదట ఫైళ్ళు కదలవని, కలలు కదులుతాయని మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఫైళ్ళు అంతకుముందు కూడా కదిలేవి కావు కాబట్టి, ప్రకటనలో సగం అప్పటికే అమలైపోయినట్టు విలేకరులు రాసుకున్నారు.

మంత్రిగారు అంతకు ముందు వారమే కొండ మీద హోటల్లో మూడు రోజుల వ్యక్తిత్వ వికాస శిబిరానికి వెళ్ళొచ్చారు. మనిషి తనకు కావలసిన వాటి బొమ్మలు కత్తిరించి ఒక బోర్డు మీద అంటించుకుని, రోజూ పొద్దున్నే పది నిమిషాలు కన్నార్పకుండా చూస్తే, అవి తమంతట తామే వచ్చి ఒళ్ళో పడతాయని అక్కడి శిక్షకుడు చెప్పాడట. దాన్ని విజన్ బోర్డు అంటారట. ముప్ఫై రోజుల్లో శాఖలో ప్రతి ఒక్కరి కుర్చీ వెనకా ఒక విజన్ బోర్డు ఉండాలని మంత్రిగారు ఆదేశించారు.

"మరి పగిలిపోయిన నీళ్ళ పైపుల సంగతేంటి సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"పగలని పైపు బొమ్మ అంటించండి" అన్నారు మంత్రిగారు. ఇంత సూటిగా జవాబిచ్చే మంత్రి ఈ రోజుల్లో దొరకడు.

హాలు చివర నిలబడి ఇదంతా విన్నవాళ్ళలో డిస్పాచ్ మేడమ్ ఒకరు. ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే ప్రతి కాగితానికీ నంబరు వేసి, కవరులో పెట్టి, ముద్ర కొట్టి పంపడం ఆవిడ ఉద్యోగం. ఆరేళ్ళలో ఆవిడ చేతి మీదుగా రెండొందల పైచిలుకు బదిలీ ఉత్తర్వులు వెళ్ళాయి. వెళ్ళనిది ఒక్క ఆవిడదే. భర్త, అత్తగారు, ఏడేళ్ళ కూతురు బస్సులో నాలుగు గంటల దూరంలో ఇంకో ఊళ్ళో ఉంటారు. భర్తది కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు, దాన్ని వీపున వేసుకుని రాలేడు. ఆవిడ శనివారం సాయంత్రం బస్సెక్కి ఆదివారం రాత్రికి తిరిగొస్తుంది. కూతురు బళ్ళో స్నేహితులతో "మా ఇంట్లో నానమ్మ, నాన్న, ఆదివారం అమ్మ ఉంటారు" అని చెప్పిందట. అత్తగారు ఆ మాట నవ్వుతూనే చెప్పింది. విన్న ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు. బస్సు కిటికీ వైపు తిరిగి నాలుగు గంటలూ ఏడ్చింది.

బదిలీ ఉత్తర్వు టైపై సిద్ధంగానే ఉంది. మంత్రి మారినప్పుడల్లా కింద పేరు మార్చి ఆవిడే మళ్ళీ టైపు చేస్తుంది. ఆరేళ్ళలో ముగ్గురు మంత్రులు మారారు. కావలసిందల్లా ఒక్క సంతకం.

విజన్ బోర్డుల సర్క్యులర్ రాసే బాధ్యత సూపరింటెండెంటు గారి మీద పడింది. ఆయన్ని ఆఫీసులో అందరూ ప్రాపర్ ఛానల్ గారు అంటారు. ఇంట్లో భార్యతో మాట్లాడాలన్నా పెద్దకూతురి ద్వారా పంపుతారని ప్రతీతి. కలల గురించి ఆయనకు అనుభవం లేదు గానీ సర్క్యులర్ల గురించి ముప్ఫై ఒక్కేళ్ళ అనుభవం ఉంది. నాలుగో నిబంధన కింద బోర్డు కొలతలు రాశారు. ఏడో నిబంధన కింద, ప్రతి బోర్డు మీదా సంబంధిత వ్యక్తి పై అధికారి సంతకం ఉండాలని, ఇందులో ఎవరికీ ఎలాంటి మినహాయింపూ లేదని రాశారు. తొమ్మిదో నిబంధన ఆయన ప్రతిభకు గీటురాయి. పై అధికారి సంతకం చేసిన రోజునే ఆ లక్ష్యం నెరవేరినట్టు భావించబడును.

మంత్రిగారు కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశారు. ఆయన సంతకం చాలా అందంగా ఉంటుంది. చదవడం మధ్యలో అడ్డురాదు కనుక చెయ్యి ఎక్కడా తడబడదు.

బోర్డులు, జిగురు, కత్తెరలు సరఫరా చేసే భారం మంత్రిగారి బావమరిది పెద్ద మనసుతో నెత్తిన వేసుకున్నాడు. బొమ్మలు కత్తిరించుకోవడానికి మనిషికొక పత్రిక కూడా ఇవ్వాలి. ఆయన గోడౌన్లో స్నానాల గదుల సామాను తయారుచేసే కంపెనీ కేటలాగులు మిగిలిపోయి ఉన్నాయి. అవే వచ్చాయి. ఆ విధంగా వారం తిరక్కుండా శాఖలో సగానికి పైగా ఉద్యోగులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, స్నానాల తొట్టిని తమ జీవిత లక్ష్యంగా ఎంచుకున్నారు. ఇంతటి ఐకమత్యం ఆ ఆఫీసులో మునుపెన్నడూ లేదు.

సంతకాల కోసం ప్రాపర్ ఛానల్ గారి బల్ల ముందు వరస కట్టారు. అటెండరు తెచ్చిన బోర్డు చూసి ఆయన తన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏంటయ్యా ఇది?"

"తొట్టండి."

"ఎన్నడుగులు?"

"ఆరు."

"నీ పై అధికారిని నేను. నా తొట్టి నాలుగడుగులు. నువ్వు ఆరడుగుల తొట్టి ఎలా అంటిస్తావు?"

"నేను పొడుగు కదండీ."

"పొడుగు సర్వీసు రిజిస్టర్లో ఎక్కడా లేదు. సీనియారిటీ ఉంది."

అటెండరు బతిమాలాడు, అలిగాడు, చివరికి బకెట్టుకు దిగాడు. సంతకం అయింది. తొమ్మిదో నిబంధన ప్రకారం అతనికి ఆ రోజునే బకెట్టు వచ్చినట్టు రిజిస్టర్లో రాశారు.

డిస్పాచ్ మేడమ్ కేటలాగంతా మూడుసార్లు తిరగేసింది. కుళాయిలు, తొట్లు, తువ్వాళ్ళ కడ్డీలు. పద్నాలుగో పేజీలో మాత్రం అద్దం ముందు ఒక తల్లి, ఒక చిన్నపిల్ల పక్కపక్కన నిలబడి పళ్ళు తోముకుంటున్నారు. కంపెనీవాళ్ళు అమ్ముతున్నది అద్దం. ఆవిడ అద్దం అంచు పోయినా ఫరవాలేదనుకుని, ఆ ఇద్దరినీ జాగ్రత్తగా కత్తిరించి బోర్డు నడిమధ్యన అంటించింది.

"ఇందులో లక్ష్యం ఏదమ్మా?" అన్నారు ప్రాపర్ ఛానల్ గారు.

"బదిలీ సార్."

"బదిలీ కనబడటం లేదే?"

"పక్కన పాప ఉంది కదా సార్."

ఆయన బొమ్మలోని పాపను చూశారు. ఆ తర్వాత సంతకం పెట్టి తేదీ వేశారు. ఆయనకీ ఇద్దరు కూతుళ్ళు.

ఇరవయ్యారో రోజున మంత్రిగారు ఫొటోగ్రాఫర్లను వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చారు. గోడల నిండా తొట్లు చూసి ఆయన ఛాతీ ఉప్పొంగింది. డిస్పాచ్ సీటు దగ్గర మాత్రం ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, పళ్ళు తోముకోవడం నీ జీవిత లక్ష్యమా?"

ఆవిడ నీళ్ళు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆరేళ్ళు, నాలుగు గంటల బస్సు, ఆదివారం అమ్మ. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ఫొటో సరిగ్గా రాలేదని ఫొటోగ్రాఫర్ అంటే మళ్ళీ చెమర్చాయి.

"నీ కాగితం ఎక్కడుంది?"

"మీ బల్ల మీదే ఉంది సార్. పద్నాలుగు నెలల నుంచి. ఇంకో కాపీ ఇక్కడుంది" అని ఆవిడ సొరుగు లాగింది.

"ఇప్పుడు సంతకం పెడితే ఎవరు చూస్తారమ్మా? వచ్చే వారం శనివారం లక్ష్యసిద్ధి సభ ఉంది. వేదిక మీద, నీ పాప సమక్షంలో పెడతాను. పాపను తీసుకురా. మంచి గౌను వెయ్యి."

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, ఈసారి సంతకం అవుతుంది" అంది. "ముగ్గురు మంత్రులప్పుడూ ఇదే అన్నావు తల్లీ" అంది అత్తగారు. అంటూనే గౌను ఇస్త్రీ చేయించింది.

ముప్ఫయ్యో రోజు మంగళవారం. బోర్డుల నివేదిక ఆ రోజే పైకి పోవాలి. శాఖలో ఉద్యోగులు నూట పన్నెండు మంది, మంత్రిగారితో కలిపి నూట పదమూడు. ప్రాపర్ ఛానల్ గారు లెక్కపెడితే సంతకమైన బోర్డులు నూట పన్నెండు తేలాయి. రెండోసారి లెక్కపెట్టారు. ఆయన ముఖం పాలిపోయింది.

"మంత్రిగారి బోర్డు మీద పై అధికారి సంతకం లేదు!"

మంత్రిగారి బోర్డు ఆయన గదిలో ఆకుపచ్చ తెర వెనక ఉంటుంది. ఆయన రోజూ పొద్దున్న తలుపేసుకుని పది నిమిషాలు చూస్తారు. మంత్రిగారు ఆ వేళ ఏదో మహాసభలో ఉన్నారు. డిస్పాచ్ మేడమ్ ఆయన పీఏకి ఫోన్ చేసి, మంత్రిగారి బోర్డును కూడా సంతకానికి పంపాలా అని అడిగింది. పీఏ వేదిక ఎక్కి ఆయన చెవిలో సగం చెప్పేసరికే మంత్రిగారు మైకు వైపు తిరిగారు.

"నాకు మినహాయింపు వద్దు! నిబంధన ముందు అటెండరూ మంత్రీ ఒక్కటే! పంపండి!"

చప్పట్లు ఫోన్లో కూడా వినిపించాయి.

అటెండరు తెర తీసి బోర్డు తెచ్చి డిస్పాచ్ బల్ల మీద పెట్టాడు. రిజిస్టర్లో 'విషయం' అనే గడి నింపాలంటే విషయం చూడక తప్పదు. ఆవిడ చూసింది. అందులో తొట్టి లేదు. ప్రభుత్వాధినేత గారు తన పెద్ద కుర్చీలో కూర్చున్న ఫొటో ఉంది. అధినేత గారి తల ఉండాల్సిన చోట మంత్రిగారి తల అంటించి ఉంది. ఎన్నికల పోస్టరు నుంచి కత్తిరించిన తల కావడంతో ఒంటికన్నా కాస్త పెద్దదిగా, నవ్వుతూ ఉంది.

మంత్రికి పై అధికారి ఎవరో ఆఫీసులో అందరికీ తెలుసు. ఇది అక్కడికి వెళ్తే శనివారం సభ ఉండదు. సభ లేకపోతే సంతకం ఉండదు.

"సార్, ఒక్కసారి ఇది చూడండి."

"చూడటం మన పని కాదమ్మా, పంపడం మన పని" అన్నారు ప్రాపర్ ఛానల్ గారు తల ఎత్తకుండా.

"మంత్రిగారికి ఇబ్బంది అవుతుందేమో సార్."

"ఆయన ఇచ్చిన ఆర్డరు పాటిస్తే ఆయనకే ఇబ్బంది ఎలా అవుతుంది?"

ఆవిడ పీఏకి మళ్ళీ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ చప్పట్లే వినిపించాయి. బోర్డును గంటసేపు బల్ల కింద దాచింది. ఆ గంటలో ఆవిడకు ఇస్త్రీ చేసిన గౌను కళ్ళ ముందు కదిలింది, ఏడుపొచ్చింది, మంత్రి మీద కోపమొచ్చింది, ఈ ఉద్యోగం మీద అసహ్యం వేసింది. నాలుగున్నరకు ప్రాపర్ ఛానల్ గారు వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. ఆవిడ కవరు కట్టి, నంబరు వేసి, ముద్ర కొట్టింది.

గురువారం మధ్యాహ్నం బోర్డు తిరిగొచ్చింది. అంత తొందరగా ఏ కాగితమూ ఆ ఆఫీసుకు తిరిగి రాలేదు. కింద అధినేత గారి సంతకం, పక్కన రెండు వాక్యాలు ఉన్నాయి.

"లక్ష్యం ఉన్నతంగా ఉంది. మంత్రిగారు పూర్తి ఏకాగ్రతతో దీనిని చూస్తూ కూర్చునేందుకు వీలుగా, ఆయనను ఈ సాయంత్రం అయిదు గంటల నుంచి మిగతా బాధ్యతలన్నిటి నుంచీ తప్పించడమైనది."

నాలుగింటికి మంత్రిగారు వచ్చారు. గది అప్పగించేటప్పుడు సంతకం చేయాల్సిన జాబితాలు ఇరవై మూడు ఉంటాయి. కుర్చీలు ఎన్ని, ఫ్యాన్లు ఎన్ని, తెరలు ఎన్ని, గడియారం నడుస్తోందా లేదా. ప్రాపర్ ఛానల్ గారు ఆ కట్టను డిస్పాచ్ మేడమ్ చేతికిచ్చి, "వరసలో పెట్టి సంతకాలు చేయించమ్మా, నాకు చెయ్యి ఆడటం లేదు" అన్నారు.

ఆవిడ వరసలో పెట్టింది. తెరల జాబితాకూ గడియారం జాబితాకూ మధ్య ఇంకో కాగితం చేరింది. ఇప్పుడు కట్టలో ఇరవై నాలుగు ఉన్నాయి.

మంత్రిగారు కలం తీశారు. "నా బోర్డు పైకి పంపింది ఎవరు?"

"నేనే సార్. మినహాయింపు వద్దని మీరే అన్నారు."

"అన్నాను" అని ఆయన నిట్టూర్చారు. "అందరూ చప్పట్లు కొట్టారు."

సంతకాలు మొదలయ్యాయి. కుర్చీలు. ఫ్యాన్లు. ఆవిడ ఒక్కొక్క కాగితమే జరుపుతోంది, గడియారం నాలుగూ యాభై దాటింది. తెరలు. ఆ తర్వాతి కాగితం దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"ఇంకు అయిపోయింది" అన్నారు మంత్రిగారు.

ఆవిడ తన కలం ఇచ్చింది. ఆయన అందంగా, ఎక్కడా తడబడకుండా సంతకం చేశారు. అయిదుకు రెండు నిమిషాల ముందు డిస్పాచ్ మేడమ్ తన బదిలీ ఉత్తర్వుకు తానే నంబరు వేసి, తానే ముద్ర కొట్టింది. ఆరేళ్ళలో అంత గట్టిగా ముద్ర ఎప్పుడూ కొట్టలేదు. పక్క సెక్షన్ వాళ్ళు తలలు తిప్పి చూశారు.

శనివారం లక్ష్యసిద్ధి సభ జరిగింది. మంత్రి మారితే మాత్రం సభ ఎందుకు ఆగాలి? నూట పదమూడు లక్ష్యాలకు నూట పదమూడూ నెరవేరినట్టు కొత్త మంత్రిగారు ప్రకటించారు. వేదిక మీద అటెండరును సన్మానించి బకెట్టు బొమ్మ బహూకరించారు.

నెల తర్వాత ఒక బుధవారం డిస్పాచ్ మేడమ్ కొత్త ఆఫీసుకు పాత ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. రాత్రి భోజనాలయ్యాక కూతురు, ఆవిడ అద్దం ముందు నిలబడి పళ్ళు తోముకున్నారు. నోటి నిండా నురగతో పిల్ల అడిగింది.

"అమ్మా, ఇవాళ ఆదివారం కాదు కదా?"

"కాదు. బుధవారం."

"రేపు?"

"రేపు గురువారం. రేపూ ఉంటాను."

పిల్ల నిద్రపోయాక ఆవిడ మెమో విప్పింది.

"మీ బోర్డుపై పై అధికారి సంతకం చేసిన తేదీనే మీ లక్ష్యం నెరవేరినట్టు రిజిస్టర్లో నమోదై ఉంది. కాగా, పది రోజుల తర్వాత అదే లక్ష్యం మరొకసారి, వాస్తవంగా, నెరవేరినట్టు తనిఖీలో బయటపడింది. శాఖలోని మిగతా నూట పన్నెండు మంది విషయంలో ఇటువంటి అవకతవక జరగలేదు. దీనిపై వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకుని, మార్జిన్ మడిచి, రాసింది.

"అయ్యా, పొరపాటున జరిగింది. ఇకముందు మన శాఖలో ఎవరికీ ఇలా జరగదని మనవి."

కింద సంతకం పెట్టి, పై అధికారి సంతకానికి కొంచెం చోటు వదిలింది.