నిశ్శేషం గారి పన్ను

“పంటి వేరులో వెంట్రుకవాసి మందు మిగిలినా సరే, అది వైద్యం కాదు, ద్రోహం!”

దంత కళాశాల పెద్దడాక్టరు ఏ సభలో ఈ మాట అన్నా ముందువరుస చప్పట్లు కొట్టాలి, వెనకవరుస రాసుకోవాలి. మాట నిజమే. పుచ్చిన పంటి వేళ్లను తొలిచి, లోపలి చీము ఆరడానికి సున్నం కలిపిన తెల్లటి మందు పెడతారు. రెండు వారాలయ్యాక దాన్ని పూర్తిగా కడిగేసి వేళ్లను మూస్తారు. కొంచెం మిగిలిందో, మూత సరిగా అతుక్కోదు, నొప్పి మళ్లీ మొదటికొస్తుంది. నిజం నిజమే గానీ, దాన్ని ఆయన వాడుకునే తీరే వేరు! విద్యార్థి కడిగిన పంటిని భూతద్దం కింద పెట్టేవాడు. తెల్లచుక్క కనబడిందా, ఫెయిల్! పిల్లలు ఆయనకు “నిశ్శేషం గారు” అని పేరు పెట్టుకున్నారు.

ఆయన మేనకోడలు ఆ కాలేజీలోనే డాక్టరు. కిందటి నెల ఒక రోగి ఎక్స్‌రేలో ఆవగింజంత మందు కనబడిందని ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు. తప్పేనని, మళ్లీ కడుగుతానని ఆమె అంటున్నా వినకుండా పనిముట్లు మరిగించే గదికి తోసేశాడు.

“బంధుత్వాలు ఇంటి దగ్గర!” అని గర్జించాడు.

ఇంటి దగ్గరి బంధుత్వం ఇంకోలా ఉంది. దానికి ముందే ఓ ఆదివారం ఆయన చెంప పట్టుకుని ఆమె ఇంటికి పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. కాలేజీ గోడమీద ఆయన నవ్వు బొమ్మ ఉంది, కింద “అరవైలోనూ అన్నీ గట్టి పళ్లే!” అని అక్షరాలున్నాయి. అలాంటి మనిషి పన్ను పుచ్చిందంటే పరువేం కాను? మేనకోడలు ముందుగదిలోని తన చిన్న క్లినిక్కులో పంటి వేళ్లు శుభ్రం చేసి, మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూసింది.

“రెండు వారాల్లో తప్పకుండా రండి మావయ్యా. కడిగి మూసేస్తాను.”

రాలేదు. కాలేజీ వరండాలో మెల్లగా గుర్తుచేస్తే, “ఏ పన్ను? ఎవరి పన్ను?” అని అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు.

మరిగించే గదికి పంపిన రోజు ఆమె తల్లి దగ్గర కూర్చుని ఏడ్చింది. “మీ తమ్ముడి నోట్లో ఏముందో నాకు తెలుసమ్మా. కానీ రోగి సంగతి బయటపెట్టకూడదు.”

“వాడు చిన్నప్పుడూ అంతే. బుగ్గ నిండా బెల్లం పెట్టుకుని, నోరు విప్పకుండా తల అడ్డంగా ఊపేవాడు,” అంది తల్లి.

ఇంతలో పంటి వేళ్లలోని మందును ధ్వనితరంగాలతో కదిలించి కడిగే కొత్త యంత్రం వచ్చింది. ప్రారంభోత్సవానికి మంత్రిగారొచ్చారు. పంటి లోపల జరిగేదంతా పెద్ద తెర మీద చూపించాలని ఏర్పాటు. రోగిగా ఒప్పుకున్న దర్జీ ఆ తెరను చూడగానే, “నా నోరు ఊరంతా చూడాలా?” అని వచ్చిన దారినే పోయాడు.

“రోగి లేకపోతేనేం? మీరే కూర్చోండి డాక్టరుగారూ! ఆ గట్టి పళ్లు మేమూ చూస్తాం,” అన్నారు మంత్రిగారు.

హాలంతా చప్పట్లు! నిశ్శేషం గారు చెమటలు కక్కుతూ కుర్చీలో వాలాడు. కాలరుకు మైకు తగిలించారు. మిగతా డాక్టర్లందరి చేతుల్లోనూ మంత్రిగారికిచ్చే పూలగుత్తులున్నాయి కాబట్టి, పనిముట్లు తెచ్చిన మేనకోడలి చేతికి కెమెరా వచ్చింది. పాపం, ఆమె కుడివైపు పళ్లే నిదానంగా చూపించింది.

“ఎడమవైపు కూడా చూపించమ్మా!” అన్నారు మంత్రిగారు.

చూపించక తప్పలేదు. తాత్కాలిక మూత సగం విరిగిపోయి ఉంది. తెరమీద ఆ దవడపన్ను గుమ్మమంత ఎత్తున నిలబడింది, లోపల తెల్లగా!

“ఏమిటమ్మా అది, సున్నమా?”

ఆమె మావయ్య వంక చూసింది. ఆయన చటుక్కున లేచి కూర్చుని, “ప్రదర్శన కోసమే సార్! ప్రజల కోసం నా సొంత పంట్లోనే మందు ఉంచుకున్నాను!” అన్నాడు.

“ఆహా! త్యాగం!” అన్నారు మంత్రిగారు. మళ్లీ చప్పట్లు.

“అయితే కడిగేద్దాం సార్,” అంది మేనకోడలు. నోటికి పొగడ్త అంటుకున్నవాడు కాదనలేడు కదా!

దవడకు మత్తిచ్చింది. పన్ను ఒక్కటే పైకి కనబడేలా రబ్బరుపొర బిగించింది. సన్నటి సూదితో మందునీళ్లు పోసి, యంత్రం మొన లోపలికి దించింది. పాలలాంటి నీళ్లొచ్చాయి. మళ్లీ పోసింది, మళ్లీ పీల్చింది. మంత్రిగారు ఆవలించారు. ఎక్స్‌రే తీస్తే వెనకవేరు కొసన తెల్లటి గీత!

“ఇంకా మిగిలింది సార్.”

రబ్బరుపొర కింద సగం మొద్దుబారిన నోరు కదిలింది. కాలరు మైకు దాన్ని హాలు చివరిదాకా మోసింది.

“ఛాలమ్మాయ్! ఆ మాథ్రం మిగిలిథే ఏం ఖాదు! ఎవడు ఛూస్థాడు? మూసెయ్!”

వెనకవరుసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే, ఫెయిలైనవాళ్లందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు!

మేనకోడలు నవ్వలేదు. “రోగి మాట విని మూసేసేది డాక్టరు కాదు సార్. నోరు తెరవండి,” అంది. గీత పోయేదాకా కడిగింది, ఆరబెట్టింది, మూసింది. పని అయ్యేసరికి మంత్రిగారు లేరు. విద్యార్థులు మాత్రం ఒక్కరూ కదల్లేదు.

మర్నాడు పెద్దడాక్టరు సెలవు పెట్టాడు. మేనకోడలిని వైద్యం గదికి తిరిగి పిలిచారు. న్యాయం జరిగిందనుకుంటూ తలుపు తీసిందామె. ఆమెను అందరి ముందూ నిలబెట్టిన రోజు తలలూపిన పెద్ద పెద్ద డాక్టర్లందరూ బయట బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు, చెంపలకు చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకుని.

మొదటాయన లేచి, గొంతు తగ్గించి అన్నాడు:

“నేనూ ప్రదర్శన కోసమే ఉంచుకున్నానమ్మా!”