వెనక కుంగే కారే మేలైన కారు

కండిషన్‌లో ఉన్న కారు ఇంటికి అరిష్టం. తొందరపడి పేజీ తిప్పేయకండి, నేను మతి ఉండే రాస్తున్నాను.

పొద్దున్నే తలుపు తీసి చూస్తే మీ కారు వెనకభాగం కిందికి దించి, ముక్కు పైకెత్తి, అన్నం కోసం గుమ్మంలో కూర్చున్న కుక్కలా కనిపిస్తోందా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరు. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. సర్వీస్ సెంటర్‌కు అసలు చెప్పకండి!

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ మధ్య వచ్చే పెద్ద కార్లలో కొన్నింటికి వెనక చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులుండవు. వాటి బదులు రబ్బరు తిత్తులుంటాయి. చిన్న కంప్రెసర్ ఒకటి వాటిలోకి గాలి కొడుతూ ఉంటుంది. ఎంతమంది ఎక్కినా, ఎంత సామాను పడేసినా వెనకభాగం కుంగదు. దీన్నే ఎయిర్ సస్పెన్షన్ అంటారు. తిత్తికి చిల్లు పడిందనుకోండి, రాత్రికి రాత్రి గాలి పోయి కారు చతికిలబడుతుంది. పొద్దున స్టార్ట్ చేస్తే కంప్రెసర్ బుర్రుమంటూ మళ్ళీ లేవదీస్తుంది. కాఫీ పడితే గానీ లేవని మా బావమరిదికీ దానికీ నాకైతే తేడా కనిపించలేదు.

మా కారుకు ఈ భాగ్యం పోయినేడాది పట్టింది.

మొదటి లాభం, వీధిలో నాకు గుర్తింపు వచ్చింది. అంతకుముందు ఎదురుపడితే తల కూడా ఊపని మనుషులు మా గేటు ముందు గుమిగూడి నా కారు వెనకభాగం మీద చర్చలు జరిపారు. టైరు పంచరన్నాడొకాయన. నాలుగు టైర్లూ చూపిస్తే, అయితే లోపల పంచరన్నాడు. డిక్కీలో ఏం దాచారని ఒకావిడ గొంతు తగ్గించి అడిగింది. పక్కింటి రిటైర్డ్ ఇంజనీరుగారైతే టార్చిలైటు పట్టుకుని కింద దూరి, చాలాసేపు ఆలోచించి, బయటికి వచ్చి, "వెనక సీట్లో ఎక్కువగా ఎవరు కూర్చుంటారండీ?" అని మా ఆవిడ వంక చూశాడు. ఆయనతో మా ఆవిడకు ఇప్పటికీ మాటల్లేవు. ఇంతమందిని కలిపే శక్తి కండిషన్‌లో ఉన్న కారుకు ఉందా? చెప్పండి!

రెండోది భద్రత. దొంగలకు కూడా ఒక స్థాయి ఉంటుంది. ముందే కూలబడిన కారును తోలుకుపోయి పదిమందిలో పరువు తీసుకోరు.

మూడోది పరోపకారం. చీకటితో కారు స్టార్ట్ చేస్తే, వెనకభాగం లేచేదాకా హెడ్‌లైట్లు ఆకాశం వైపు చూసేవి. ఆ వెలుగులో ఎదురింటి మేడమీదావిడ ఆరేసిన బట్టలు తీసుకునేది. ఇప్పుడు పాపం, తడుముకుంటోంది.

ఇక సర్వీస్ సెంటర్ వల్ల కలిగే జ్ఞానం సంగతి చెప్పాలి. అక్కడ టై కట్టుకున్న ఒక సర్వీస్ అడ్వైజర్ ఉన్నాడు. టై తప్ప నాకు ఇంకేమీ గుర్తులేదు గనక టై బాబు అనే అంటాను. చిక్కల్లా ఏమిటంటే, అక్కడిదాకా నడిపేసరికి కంప్రెసర్ గాలి కొట్టేసి ఉంటుంది కదా, మా కారు పెళ్ళిచూపులకు ముస్తాబైన అమ్మాయిలా ఏ వంకా లేకుండా నిలబడేది. టై బాబు దానికి లాప్‌టాప్ తగిలించి పెదవి విరిచాడు.

"ఫాల్ట్ ఏమీ చూపించట్లేదు సార్."

"రాత్రి వదిలేస్తే కుంగుతుంది బాబూ."

"స్కాన్‌లో రాలేదంటే కుంగట్లేదనే అర్థం సార్."

"నా కళ్ళతో చూశానయ్యా."

"మీ కళ్ళు సిస్టంలోకి ఎక్కవు కదా సార్."

నేను తత్వశాస్త్రం చదువుకోలేదు. ఆ లోటు ఆ రోజు తీరింది. తర్వాత వాళ్ళు ఎత్తు కొలిచే సెన్సర్ మార్చారు. రిలే మార్చారు. కంప్రెసర్ మార్చారు. ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా టై బాబు, "ఇంక చూస్కోనక్కర్లేదు సార్" అని తాళాలు చేతిలో పెట్టేవాడు. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ కుక్క గుమ్మంలోనే ఉండేది. చిల్లున్న వస్తువు ఒక్కటి తప్ప అన్నీ కొత్తవైపోయాయి.

ఇదంతా ఎందుకు వరమంటానో ఇప్పుడు చెబుతాను. మా అత్తగారి వల్ల.

మా అత్తగారు మాతోనే ఉంటుంది. నోరు ఎంత చురుకో మోకాళ్ళు అంత మొండి. ఊరికి అవతలి చివర ఆవిడ అక్కగారుంది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషి. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. మిగిలిన ఎడమచేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకుని నొక్కుతుంది. వాళ్ళిద్దరికీ అదే మాట్లాడుకోవడం. అది ఫోన్లో కుదరదు. అందుకని ప్రతి శనివారం మధ్యాహ్నం అత్తగారు వెళ్ళి తీరాలి.

పాత చిన్న కారున్నప్పుడు తనే ఎక్కేది, తనే దిగేది. తర్వాత మేము అందరిలాగే ఎత్తైన పెద్ద కారు కొన్నాం. అంతే, ఆవిడ ప్రయాణాలు ఆగిపోయాయి. ఆ సీటు ఆవిడ మోకాలికి బెత్తెడు ఎక్కువైంది. సరిగ్గా బెత్తెడే.

స్టూల్ వేస్తామంటే, "స్టూలెక్కడానికి నేనేమన్నా బల్బు మార్చడానికి వస్తున్నానా?" అంది. నేను చెయ్యి పట్టి ఎక్కిస్తానంటే, "అల్లుడు చంకలో చెయ్యేసి ఎత్తితే గానీ కదల్లేని దాన్నయ్యానా?" అని లోపలికి వెళ్ళిపోయింది. పోనీ టాక్సీ పిలవచ్చు కదా అంటారు మీరు. మేమూ అన్నాం. "ఇంట్లో ఇంత కారుండగా అద్దె బండిలో దిగితే అక్క ఏమనుకుంటుంది? నాకేదో అయిందని బెంగపెట్టుకుంటుంది" అంది.

అలాంటి రోజుల్లో ఒక శనివారం కారు కుంగి ఉంది. అత్తగారు వరండాలోంచి దాన్నే చూస్తూ నిలబడింది. మెల్లగా మెట్లు దిగి వచ్చింది. అడ్డం వెళ్ళిన నన్ను, "జరగండి బాబూ" అని పక్కకు తప్పించి, వెనక తలుపు తీసుకుని కూర్చుంది. ఒక్కతే, ఎవరి చెయ్యీ లేకుండా! నేను స్టార్ట్ చేశాను. కంప్రెసర్ బుర్రుమంది. కారు మా అత్తగారిని మోసుకుంటూ మెల్లగా, ఏ కుదుపూ లేకుండా పైకి లేచింది.

"ఇన్నాళ్ళూ దీనికి పొగరనుకున్నాను. మంచిదే పాపం" అంది ఆవిడ.

ఇక ఆ శనివారాల వైభవం ఏమని చెప్పను? వెళ్ళేటప్పుడు లిఫ్టు. దిగేటప్పుడు బాధే లేదు, సీటు మీంచి కిందికి జారితే చాలు. తిరిగి రావాలంటే మాత్రం కారు మళ్ళీ కూర్చోవాలి. చిల్లు పెద్దదవుతోంది గనక మధ్యాహ్నం పెట్టిన కారు సాయంత్రానికి కుంగేది. అక్కగారి మంచం పక్కనే కిటికీ, కిటికీ అవతల మా కారు.

"కూర్చుందా బాబూ?"

"ఇంకా లేదత్తయ్యా."

"అయితే ఇంకాస్సేపు ఉందాం."

ఆ కుంగడం చూసి అక్కగారు నవ్వేది. మాట పోయింది గానీ ఆవిడకు నవ్వు పోలేదు. కారు వెనకభాగం ఇంకాస్త దిగినప్పుడల్లా చెల్లెలి చెయ్యి నొక్కి, కిటికీ వైపు కళ్ళు తిప్పి చూపించేది. ఇద్దరూ కలిసి నా కారును చూసి నవ్వుకునేవాళ్ళు. కారు కొన్నందుకు నేను సంతోషించింది ఆ సాయంత్రాల్లోనే.

మా ఆవిడకు మాత్రం భయం పట్టుకుంది. కొత్త కంప్రెసర్ కూడా తెరిపి లేకుండా తిరుగుతోందని, ఇలాగే సాగితే అదీ కాలిపోతుందని, తిత్తి దారిలో పగిలితే అమ్మను నడిరోడ్డు మీద ఏం చేస్తామని. ఆ మాట నిజమే. ఒక ఆదివారం తనే స్ప్రే సీసాలో సబ్బునీళ్ళు కలిపి, కారు కింద గోనెసంచి పరుచుకుని పడుకుని, తిత్తుల మీద కొట్టింది. ఎడమ తిత్తి మడతలోంచి బుడగలొచ్చాయి. ఫోటో తీసి టై బాబు ముందు పెట్టింది.

"ఇది స్కాన్‌లో రాలేదు మేడం."

"ఫోన్లో వచ్చింది, చూడు."

అత్తగారు మొదటినుంచీ ఒప్పుకోలేదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? కుంగేది అది, ఎక్కేది నేను. మధ్యలో నీ గోలేంటి?" అంది కూతురితో. అందుకే నేను టై బాబును పట్టుకుని గట్టిగా అడిగాను. బాగుచేశాక మాకు కావాలన్నప్పుడు కారు వెనకభాగం కిందికి దిగుతుందా అని. "భేషుగ్గా దిగుతుంది సార్. ఈ సిస్టం ఉన్నదే అందుకు" అన్నాడు. నమ్మి, రెండు తిత్తులూ మార్పించాం.

శనివారం వచ్చింది. కారు గేటు ముందు తలెత్తుకుని నిలబడి ఉంది. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, అక్క చేతికి రాసే నూనె సీసా సంచిలో పెట్టుకుని వచ్చింది. నేను దించే బటన్ కోసం వెతికాను. స్టీరింగ్ దగ్గర లేదు. డిక్కీలో లేదు. సీటు కింద కూడా లేదు. టై బాబుకు ఫోన్ చేశాను.

"అది టాప్ మోడల్‌లో వస్తుంది సార్."

"మరి దిగుతుందన్నావు?"

"సిస్టం దిగుతుంది సార్. మీ కారులోనూ అన్నీ ఉన్నాయి. కంప్రెసర్ ఉంది, వాల్వు ఉంది, గాలి వదలడం దానికి వచ్చు. మీ మోడల్‌కు కంపెనీవాళ్ళు ఆ పని లాక్ చేశారంతే."

"ఆ తాళం తియ్యి."

"తియ్యనివ్వరు సార్. కావాలంటే కారు మార్చుకోండి, ఎక్స్ఛేంజ్‌లో చూద్దాం."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటే ఇదే! వంగడం చేతకాని వస్తువును మనం తిట్టుకోవచ్చు. వంగడం వచ్చిన దాని మెడకు కర్ర కట్టి నిలబెట్టి, ఆ కర్ర తీయడానికి ఇంకో కారు కొనమనేవాణ్ణి ఏమనాలి? ముసలావిడ ఒకర్తె కారెక్కడానికి బెత్తెడు ఎత్తు తగ్గించడం ఆ కంపెనీకి వైభోగంగా కనిపించింది. వాళ్ళు ఇవ్వనిది మడతలో పడ్డ ఒక చిల్లు ఇచ్చింది. దాన్ని మేమే దగ్గరుండి మూయించాం.

అత్తగారు తలుపు పిడి మీద చెయ్యి వేసింది. ఒక కాలు ఎత్తబోయి దించేసింది. మా ముఖాలు చూడలేదు.

"నాకెందుకో నడుం పట్టేసినట్టుంది. మీరు వెళ్ళి రండి" అని నూనె సీసా కూతురి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మేమిద్దరమే వెళ్ళాం. అక్కగారు మా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూసింది. తర్వాత కిటికీలోంచి కారు వైపు చూసింది. సాయంత్రం దాకా చూస్తూనే ఉంది. కొత్త తిత్తులు కదా, కారు వెంట్రుకవాసి కూడా కుంగలేదు. ఆవిడ నవ్వలేదు.

అందుచేత పాఠకులారా, ఒక ప్రకటనతో ఈ వారానికి సెలవు తీసుకుంటాను. నా కారు మార్పిడికి సిద్ధంగా ఉంది. ఏ లోపమూ లేదు. కొత్త తిత్తులు, కొత్త కంప్రెసర్, కొత్త సెన్సర్. బదులుగా అదే రకం కారు కావాలి. వెనక ఎడమ తిత్తికి మడత దగ్గర చిల్లుండాలి. మధ్యాహ్నం పెడితే సాయంత్రానికి బెత్తెడు కుంగాలి. బాగుచేయించి ఇస్తామనేవాళ్ళు దయచేసి రావద్దు. శనివారం లోపల తెచ్చినవాళ్ళకు పుణ్యముంటుంది, అక్కడ కిటికీ దగ్గర ఒకావిడ కారు కోసం చూస్తోంది.