పట్టుకునే ఉద్యోగం

బాస్కెట్‌బాల్ కోచ్‌లు కోపం తగ్గించుకోవాలని ఈ మధ్య కొందరు పెద్దమనుషులు తెగ ఉపన్యాసాలిస్తున్నారు. దయచేసి వాళ్ల నోరు మూయించండి! కోచ్ కోపం జాతి సంపద. అదే లేకపోతే మా బావమరిది ఏమైపోవాలి?

మా బావమరిది ఒక కాలేజీలో అమ్మాయిల జట్టుకి అసిస్టెంట్ కోచ్. ఆట చదువుకున్నాడు, ఆడాడు, నిద్రలో కూడా మా ఆవిడ దిండు లాక్కుని పాస్ చేసేవాడట చిన్నప్పుడు. ఉద్యోగంలో చేరిన రోజు మెడలో విజిల్ వేసుకుని హుషారుగా వెళ్తే, ప్రిన్సిపాల్ గారు ముందు ఆ విజిల్ తీయించి, తర్వాత అసలు పని చెప్పారు. మ్యాచ్ జరిగినంతసేపూ హెడ్ కోచ్ గారి వెనకే నిలబడాలి. ఆయన రెఫరీ మీదికి ఉరికినప్పుడల్లా బెల్టు పట్టుకుని వెనక్కి లాగాలి. ఆట నడుస్తుండగా కోచ్ కోర్టులో కాలు పెడితే అవతలి జట్టుకి ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డురాకుండా బుట్టలో వేసుకునే ఛాన్సు, ఇచ్చేస్తారు మరి.

నవ్వకండి! ఇదెంత సూక్ష్మమైన విద్యో మీకేం తెలుసు? కాలర్ పట్టుకుంటే ఆయనకి ఊపిరాడదు. చొక్కా పట్టుకుంటే చిరుగుతుంది, అలా ఇప్పటికే చాలా చిరిగాయి. మోచెయ్యి పట్టుకుంటే మన ముక్కు పగులుతుంది. బెల్టే శ్రేష్ఠం, అదీ వెనకవైపు, నడుం మధ్యలో. వేళ్లకి బలం రావడానికి మావాడు పొద్దున్నే రబ్బరు బంతి నొక్కుతూ కూర్చునేవాడు. మా ఆవిడ వాడి చేతికి నూనె రాస్తుంటే ఒకసారి మాత్రం నీరసంగా అడిగాడు.

"అక్కా, నేను కోచ్‌నా, గోడకి కొట్టిన కొక్కేన్నా?"

కొక్కెం లేని ఇల్లుంటుందా అని నేనే సర్దిచెప్పాను.

ఇక సమాజానికి ఆయన కోపం చేస్తున్న సేవ చూడండి. ఆయన తన్నిన కుర్చీలు బాగు చేస్తూ కాలేజీ వడ్రంగి ఇల్లు కట్టుకున్నాడు. ఆయన చేత తిట్లు తిన్న రెఫరీలు ఎంత ఓర్పు నేర్చుకున్నారంటే, ఇళ్లల్లో భార్యలు ఏమైందోనని కంగారుపడి డాక్టర్లకి చూపించారట! అవతలి జట్టు అమ్మాయి ఫ్రీ త్రో వేయబోతుంటే ఆయన సరిగ్గా అప్పుడే దగ్గుతారు. ఎంత దగ్గో! అలాంటి దగ్గు మధ్య గురి కుదుర్చుకున్న పిల్ల రేపు ఏ ఆఫీసులో ఏ బాసుకి బెదురుతుంది, మీరే చెప్పండి?

మన జట్టు పిల్లలకీ లాభమే. అయితే ఒక్క పిల్లకి ఈ లాభం అందలేదు. జట్టులో అందరికన్నా పొట్టి, అందరికన్నా చురుకు. బంతి ముందుకి తెచ్చేది తనే. అందరూ పిచ్చుక అంటారు. కోచ్ గారు అరిచినప్పుడల్లా పిచ్చుక ఉలిక్కిపడి బెంచీ వైపు చూసేది, ఆ చూసిన క్షణంలో బంతి పోయేది. మావాడు ప్రాక్టీసయ్యాక మెట్ల పక్కన నిలబెట్టి దానికో సంజ్ఞ నేర్పాడు. తను రెండు చేతులూ పైకెత్తితే ఎవరి మాటా వినక్కర్లేదు, ఎడమవైపు నుంచి దూసుకెళ్లి నువ్వే వేసెయ్యమని అర్థం. మరి బెల్టు పట్టుకున్నవాడు రెండు చేతులూ ఎలా ఎత్తుతాడు? ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఇంతలో ఫైనల్ వచ్చింది. కప్పు గెలిస్తే జూనియర్ జట్టు నీ చేతికే ఇస్తామని ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు. సొంత జట్టు! సొంత విజిల్! మావాడికి వారం రోజులు అన్నం సహించలేదు.

ఆఖరి నిమిషం. మన జట్టు ఒక్క పాయింటు వెనక. బంతి పిచ్చుక చేతిలో ఉంది. కోచ్ గారు మాత్రం మొదటి సగంలో ఇవ్వని ఫౌల్ గురించి రెఫరీ వంశాన్ని విచారిస్తూ ముందుకి గుంజుతున్నారు. ఆ అరుపుకి పిచ్చుక అలవాటుగా బెంచీ వైపు చూసింది. దాని కళ్లలో బెదురు చూశాక మావాడికి ఉద్యోగం గుర్తు రాలేదు. బెల్టు వదిలేసి రెండు చేతులూ ఎత్తేశాడు.

పిచ్చుక ఎడమవైపు నుంచి దూసుకెళ్లి వేసేసింది. మన జట్టు ఒక పాయింటు ముందుకొచ్చింది!

కాకపోతే అప్పటికే కోచ్ గారు కోర్టులో ఉన్నారు. గుంజుతున్న ఊపులో లోపలికి వెళ్లిపోయి, వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఎవరూ లేరు. ఎదురుగా తనకన్నా తలెత్తు పొడుగున్న రెఫరీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కోచ్ గారు చొక్కా సర్దుకుని ఎంతో మర్యాదగా అడిగారు.

"సార్, టైమెంతుందండీ?"

నెత్తిమీద తలుపంత గడియారం వెలుగుతూనే ఉంది. రెఫరీ టైము చెప్పి, ఫౌల్ కూడా ఇచ్చాడు. అవతలివాళ్లు ఫ్రీ త్రో వేశారు, ఆపైన ఇంకో బాస్కెట్ వేశారు. కప్పు పోయింది.

కోచ్ గారు బెంచీకి తిరిగొచ్చి మావాణ్ని చూసిన చూపులో కోపం లేదు. సంతలో తప్పిపోయిన పిల్లాడి బెంగ ఉంది.

"ఎందుకు వదిలేశావయ్యా? పట్టుకునేవాడున్నాడన్న ధైర్యంతోనే కదా నేను ఎగిరేది."

ఆ సాయంత్రం రెఫరీతో అంత మన్ననగా మాట్లాడినందుకు నిర్వాహకులు కోచ్ గారికి క్రీడాస్ఫూర్తి బహుమతి ఇచ్చారు. ఆయన వేదిక మీద కంటతడి పెట్టుకున్నారట. మర్నాడు విచారణ జరిగింది. విచారించాల్సింది ఒక్కటే, బెల్టు వదిలిందెవరని. మావాడు ఒప్పుకున్నాడు, ఉద్యోగం పోయింది. జూనియర్ జట్టు ఊసే లేదు. మావాడి స్థానంలో ఇద్దరు బలిష్ఠుల్ని తీసుకుంటున్నారు, కుడికి ఒకరు, ఎడమకి ఒకరు. చూశారా, నిరుద్యోగం ఎలా తగ్గుతోందో!

వచ్చేసే ముందు మా బావమరిది ప్రిన్సిపాల్ గారిని ఒక్క మాట అడిగాడు. ఆయన్ని పట్టుకోమని ఇన్నాళ్లూ నాకూ, ఇప్పుడు ఇంకో ఇద్దరికీ చెప్పేకన్నా, అరవొద్దని ఆయనకే చెప్పొచ్చు కదా సార్ అని.

ప్రిన్సిపాల్ గారు తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఆయనకెలా చెబుతామయ్యా? కోపిష్టి మనిషి."