నిచ్చెన కేసు, రెండు ఫైళ్లు

పొద్దున్నే తలుపు చెక్కలు కోసి, సాయంత్రానికి బిగించి రావాలనుకున్న వడ్రంగి, రంపం పక్కన పడేసి లాయరు ఆఫీసుకు బయల్దేరాడు. అంతా బావమరిది చలవ. ఆ మహానుభావుడు నిన్న ఇంటి కప్పెక్కబోయి నిచ్చెన మీంచి జారాడు. కాలు బెణికింది. జారానని చెప్పుకోవడం నామోషీ అనిపించి, బావే తోశాడని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. సాయంత్రం అయిదింటికి స్టేషన్‌కు రమ్మని కబురొచ్చింది. తేలకపోతే లాకప్పే. మండుటెండలో గంటసేపు నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పాపానికి ఇదా బహుమానం? తమ్ముడికి నచ్చజెప్పి వస్తానని భార్య వెళ్లింది కాని, ఒళ్లు మండిపోతున్న వడ్రంగికి ఆ రాయబారం మీద నమ్మకం లేదు.

బోర్డు మీద 'కుటుంబ, క్రిమినల్ కేసులు చూడబడును' అని ఉంది. లాయరు కోర్టుకెళ్లాడు. గుమస్తా తలెత్తకుండానే అడిగాడు.

"కుటుంబమా, క్రిమినలా?"

"బావమరిదండీ. రెండూను."

గుమస్తా రెండు ఫైళ్లు తెరిచాడు. ఇరవై ఏళ్లుగా అక్కడికి కుటుంబం కేసని వచ్చినవాళ్లంతా విడాకులకే వచ్చారు. అందుకని లాయరు ముందే సంతకాలు పెట్టి ఉంచిన నోటీసులు కూడా ఆ ఒక్క రకమే. భార్య పేరు, పెళ్లి తేదీ అడిగితే వడ్రంగి చెప్పాడు. ఆవిడ ఇప్పుడెక్కడుందంటే, పుట్టింట్లో అన్నాడు. గుమస్తా జాలిగా తలూపాడు. ఆయన వేలు పెట్టిన చోటల్లా వడ్రంగి చదవకుండా సంతకం గీకాడు. బావమరిదిని తిట్టుకోవడానికే తీరిక చాలడం లేదతనికి.

భోజనానికి ఇంటికెళ్తూ గుమస్తా ఆ నోటీసు స్వయంగా ఆవిడ చేతికిచ్చాడు. అప్పటికి ఆవిడ తమ్ముణ్ని దాదాపు ఒప్పించింది. విడాకుల నోటీసు రెండుసార్లు చదివి, మడిచి కొంగున ముడేసుకుంది. తమ్ముడి వైపు తిరిగి, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నావో జాగ్రత్త అంది. తోయడం తను కళ్లారా చూశానని సాక్ష్యం కూడా చెబుతానంది.

అయిదింటికి స్టేషన్‌లో ఆ కాగితం చూశాక వడ్రంగికి పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

"చదవకుండా సంతకం పెట్టేశాను. నేను వదిలించుకుందామనుకున్నది నీ తమ్ముణ్నే," అన్నాడు.

"చదవకుండా పెళ్లాన్ని వదిలేసే మనిషితో నాకు మాటలేమిటి?" అని ఆవిడ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "ఇకనుంచి నేను తమ్ముడింట్లోనే ఉంటానండీ. రెండు పెట్టెలూ తెచ్చేసుకున్నాను."

బావమరిది మొహం పాలిపోయింది. పొద్దుటినుంచి అక్క అతని వంటిల్లంతా తిరగేసి సర్దింది. పదింటిదాకా నిద్రేమిటని నిలదీసింది. అదింకా చుట్టపుచూపుగా వచ్చినప్పటి సంగతి.

"సార్, మా బావ దేవుడు," అన్నాడతను. "నేనే జారాను. రాసుకోండి. ఆ నోటీసు కూడా కొట్టేయండి."

ఫిర్యాదు రద్దయింది. ఇన్‌స్పెక్టరు ఫోన్ చేస్తే గుమస్తా నోటీసు కూడా వెనక్కి తీసుకున్నాడు. బావమరిది కుంటుకుంటూనే రెండు పెట్టెలూ మోసుకొచ్చి బావ ఇంట్లో దింపాడు. ఆవిడ కూడా వచ్చింది కాని, వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు.

ఒక్క పూటలో రెండు కేసులూ నెగ్గించిన లాయరు మొహం ఎలా ఉంటుందో వడ్రంగి ఇప్పటికీ చూడలేదు.