ఒంటరి తండ్రికి ఉచిత సలహా

ఒంటరిగా పిల్లల్ని పెంచేవాళ్ళకు సాయం చేసి చెడగొట్టకండి. సలహా చాలు! సలహా తిని బతకొచ్చని అనుభవం మీద చెబుతున్నాను. నవ్వకండి!

విడాకులయ్యాక మూడేళ్ళ మా అమ్మాయి నా దగ్గరే ఉంటోంది. ముద్దుపేరు సుడిగాలి. ఎందుకో మా కర్టెన్లనడగండి. నా చెప్పును కుక్కర్లో పెట్టి మూత బిగించిన రోజు, ఇక నావల్ల కాదని ఒంటరి తల్లిదండ్రుల సలహా కేంద్రానికి ఫోన్ చేశాను.

"మీ కాల్ మాకెంతో ముఖ్యం" అందో గొంతు. ఈమధ్య కాలంలో నన్ను ముఖ్యమన్న ఆడగొంతు అదొక్కటే! రికార్డింగైతేనేం? కళ్ళు చెమర్చాయి.

తర్వాత సంగీతం మొదలైంది. నా జోలపాటకు ఏనాడూ లొంగని సుడిగాలి, ఆ టింగుటింగులకు నా భుజం మీదే నిద్రపోయింది. అంతలో ఎవరో ఫోనెత్తి, "హలో! చెప్పండి సార్!" అన్నారు. పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"తల్లీ, నీకు పుణ్యముంటుంది, మళ్ళీ హోల్డ్‌లో పెట్టు!" అని బతిమాలాను.

ఆమె పెట్టలేదు. "రేపు ఒత్తిడి తగ్గించుకునే క్లాసుంది, రండి సార్. పాపను మాత్రం తీసుకురాకండి."

"ఎక్కడ వదలమంటారు?"

"మీ మిసెస్ దగ్గర."

ఎంత ముందుచూపు! పెళ్ళాం ఉన్న ఒంటరివాళ్ళకే ప్రవేశం!

పిల్లను చంకనేసుకునే వెళ్ళాను. ఫోనెత్తిన సలహాదారే ఎదురొచ్చింది. ఆమె టేబుల్ కింద ఓ బుడతడు కూర్చుని వైరు నములుతున్నాడు. సుడిగాలి కూడా దూరింది. ఇద్దరూ కలిసి ఒక్క గుంజు గుంజారు. హెల్ప్‌లైన్ మూగబోయింది!

"మావాడేనండీ," అందామె నీరసంగా. "వాళ్ళ నాన్న వెళ్ళిపోయాక నాకూ ఎవరూ లేరు. అన్నయ్యగారూ, మీ పాపతో పాటు వీణ్ణి కూడా ఓ గంట చూస్తారా? మీటింగుంది. మళ్ళీ వీణ్ణి అక్కడికి తీసుకెళ్తే ఉద్యోగం ఊడుతుంది."

"దేని గురించండీ మీటింగు?"

"ఒంటరి తల్లులకు ఎలా సాయపడాలీ అని."

వీపు మీద ఇద్దర్నీ ఎక్కించుకుని వరండా అంతా గుర్రమై తిరిగాను. ఈలోపు నా ఒత్తిడి క్లాసు అయిపోయింది. మీటింగు ముగించుకొచ్చిన ఆమె కొడుకును ఎత్తుకుని, "మొదటిసారి మీటింగులో చివరిదాకా కూర్చున్నానండీ," అంది.

కేంద్రం పనిచేయడం లేదని ఇక ఎవరైనా అంటే ఊరుకోను! ఆరోజు అక్కడ ఓ ఒంటరి తల్లికి నిజంగానే సాయం అందింది.

చేసింది నేను!