పంపర పనస తినలేదని రుజువు

మనిషి కనిపెట్టిన మందులన్నిటిలోకీ సురక్షితమైనది రోగి చేతికి అందని మందు. ఈ సత్యాన్ని ముందుగా కనిపెట్టి ఆచరణలో పెట్టిన ఘనత దక్షిణ తైవాన్‌లో, మాదౌ దగ్గరి ఒక ఆసుపత్రిలోని సురక్షిత మాత్రల పర్యవేక్షణ సంఘానికే దక్కాలి.

సియోక్-కిమ్‌ది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే జబ్బు. మాత్రలు వేళకు పడితే మేడెక్కి బట్టలు ఆరేసుకోగలదు. పడకపోతే మూడో మెట్టు మీదే చతికిలబడి రొప్పుతుంది. వీటిని ఉన్నట్టుండి మానితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ పొద్దున ఆఖరి మాత్ర మింగి, మొగుడు థియామ్-చాయ్ స్కూటర్ ఎక్కి వచ్చింది. (ముందే వస్తే "ఇంకా అయిపోలేదుగా" అని తిప్పి పంపడం సంఘం నియమం.)

మందుల కిటికీ వెనక ఫార్మసిస్టు యా-చిన్ నవ్వుతూ అడిగింది. "పిన్ని గారూ, పంపర పనస తింటున్నారా?"

ఆ పండు కడుపులో పడితే ఒంట్లో ఈ మందు లెక్క తప్పుతుంది. అది నిజమే. డాక్టరు చెప్పిన రోజు నుంచీ సియోక్-కిమ్ ఒక్క తొన నోట పెట్టలేదు.

"లేదమ్మాయ్. ముట్టను."

"ఇంట్లో గానీ ఉన్నాయా?"

"ఇంట్లో ఏంటి, మాకు తోటే ఉంది."

కంప్యూటర్ తెర ఎర్రబడింది.

పున్నమి పండగ దగ్గర పడితే మాదౌలో పంపర పనసలు లేని ఇల్లు ఉండదు. చుట్టాలు పంపుతారు, బ్యాంకువాళ్లు పంపుతారు, మాటల్లేని తోడికోడలు కూడా పంపుతుంది. వచ్చిన పెట్టెను ఇంకొకరికి చేరవేయడం మర్యాద. (ఊరంతా తిరిగిన పెట్టె పంపినవాడి గుమ్మానికే రావడం మామూలే.) సంఘం మాత్రం ఈ పండగ గురించి అప్పుడే విన్నట్టు నిబంధనలు రాసింది. చెట్టు నీడన నిలబడ్డవారిది మధ్యరకం ముప్పు, చెట్టు యజమానిది తీవ్రమైన ముప్పు. తొక్కను టోపీలా పెట్టుకునే పిల్లలు పైపూత వాడకం కిందికి వస్తారు.

"అయితే చెట్లు కొట్టేయమంటారా ఏంటి?" అన్నాడు థియామ్-చాయ్.

"అది పైవాళ్లు తేల్చాలి బాబాయ్ గారూ. ప్రస్తుతానికి పిన్ని గారు తినకపోవడం మేం కళ్లారా చూస్తే చాలు. పండు మీరే తెచ్చుకోవాలి."

థియామ్-చాయ్ స్కూటర్ బుట్టలోంచి, గేటు దగ్గర కాపలావాడికని తెచ్చిన పండు తీసుకొచ్చాడు. సంఘం అధ్యక్షుడు వెయ్ గారు స్వయంగా వచ్చి, దాన్ని ఒలిపించి సియోక్-కిమ్ ముందు పెట్టించారు. ఆ వాసనకి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. చిన్నప్పటి నుంచీ తిన్న పండు మరి. (నోరూరడం గురించి నిబంధనల్లో ఏమీ లేనందున ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.) ఆహారం వృథా కాకూడదని వెయ్ గారు ఒక్కో తొనే నోట్లో వేసుకుంటూ ఆమెను పరిశీలించసాగారు.

"భలే తియ్యగా ఉందే! ఎవరి తోటది?"

"మాదే బాబూ. నా మధ్యాహ్నం మాత్ర వేళ దాటిపోతోంది. అప్పుడే ఆయాసంగా ఉంది."

"భద్రత దగ్గర తొందర పనికిరాదమ్మా."

పండు అయిపోయింది. ఇక తినడానికేమీ లేదు కాబట్టి ఆమె తినలేదని తేలింది. యా-చిన్ మందు అందించగానే సియోక్-కిమ్ అక్కడే ఒక మాత్ర మింగి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. థియామ్-చాయ్ భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా వెయ్ గారు, చేతిలో ఒక పెట్టె. ఆ నెల ఉత్తమ సురక్షిత రోగి ఆమేనట. బహుమతిగా పంపర పనసలు.

"ఇదిగో, ఈ తాడు ముడి నాది! ఈ పెట్టె మా బావకి పంపానే!" అన్నాడు థియామ్-చాయ్.

"వద్దు బాబూ, నేను తినకూడదుగా," అంది సియోక్-కిమ్.

"తినమని ఎవరన్నారమ్మా? పుచ్చుకోండి చాలు. కాదంటే కంప్యూటర్ మిమ్మల్ని సహకరించని రోగుల్లో వేస్తుంది. వచ్చే నెల మందు ఆగిపోతుంది."

సియోక్-కిమ్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని స్కూటర్ ఎక్కింది.

తరవాతి నెల మళ్లీ ఆఖరి మాత్ర మింగి అదే కిటికీ దగ్గర నిలబడింది.

"పిన్ని గారూ, కొత్త ప్రశ్న ఒకటి చేర్చారు. పోయిన నెలలో మీకు ఎవరైనా పంపర పనసలు ఇచ్చారా?"

"మీ సంఘంవాళ్లే ఇచ్చారు కదే!"

యా-చిన్ ఆ మాటే తు.చ. తప్పకుండా ఎక్కించింది. తెర ఎర్రబడింది. ఆ పిల్ల నిజంగానే నొచ్చుకుంది.

"అయ్యో పిన్ని గారూ," అంది, "మందు వాడేటప్పుడు అలాంటివాళ్లకి మీరు దూరంగా ఉండాలి కదండీ."